పచ్చబొట్టు వృత్తి: నూజివీటి మామిడిసీమ పరిశీలన

ఆంధ్రస్త్రీల యాభరణములను గూర్చి మన నిఘంటుకారులును వ్యాఖ్యాతలును విస్తరించి వ్రాసియున్నారు. కమ్మలు, కంటెలు, కడియములు, వడ్డాణములు మొదలైనవాని పేళ్లును, రూపములును, వానిని చేయు కంసాలి పనిముట్లును పండితులకుఁ బరిచితములే. కాని బంగారు లేని యింటను గలిగియుండి, దొంగకుఁ జిక్కక, కుదువకుఁ బోక, తుదకుఁ గట్టెతోఁ గాలు నాభరణ మొకటి కలదు. అది పచ్చబొట్టు. చచ్చినపుడు వెంట వచ్చునది యిదియొక్కటే యని పల్లెలలోని పెద్దముత్తైదువలు చెప్పుదురు. దానిని ధరించినవారిని గుఱించి మన వాఙ్మయమున నక్కడక్కడ నొకమాట దొరకును. దానిని పొడిచిన చేతిని గుఱించి చెప్పినది మిక్కిలి తక్కువ.

ఈ వ్యాసమున నేను చెప్పఁదలఁచినది యొక్కటి. పచ్చబొట్టు పొడుచుట తిరిపెగాండ్ర చిల్లరపని కాదు. దానికి శిక్షణ కలదు, పనిముట్లు కలవు, ఋతువు కలదు, ఏటేటఁ దిరుగు త్రోవ కలదు, కూలి కట్టడి కలదు, పేరుప్రతిష్ఠలు కలవు. అనఁగా నది యొక సంపూర్ణమైన వృత్తి. ఆ వృత్తి క్షీణించుటకు స్త్రీల యభిరుచి మాఱుటయే కారణమని సాధారణముగాఁ జెప్పుదురు. అది సగము నిజము. నడచి బ్రతుకువారి నడకను శాసనము నిర్బంధించుట తక్కిన సగము. ఈ రెండవ సగమును గ్రహించుటకు నూజివీటి మామిడిసీమ యనుకూలమైన స్థలము గావున దానిని దృష్టాంతముగాఁ గైకొనుచున్నాను.

పదవిచారము

‘పచ్చ’ శబ్దము తెలుఁగున ఆకురంగునకును పసుపురంగునకును సాధారణము. పచ్చబొట్టునకు వాడు ద్రవ్యము మసి, అది నల్లనిది. అయినను చర్మముక్రిందఁ జేరి గాయము మానినపిదప నది నీలిపచ్చగాఁ గానవచ్చును. వెలుఁగు చర్మపుఁబొరలలోఁ జొచ్చి మరలివచ్చునపుడు ఎఱ్ఱని కిరణములకంటె నీలికిరణము లెక్కువగాఁ జెదరి కంటికిఁ జేరుటయే దీనికిఁ గారణము. కావున నీ పేరు ద్రవ్యమును బట్టి వచ్చినది కాదు, కంటికిఁ గనఁబడు రంగును బట్టి వచ్చినది. పేరు పెట్టినవారు మసి నూఱినవారు కాక, మానినపిమ్మటఁ జూచినవారై యుందురని యూహింపవచ్చును.

తమిళమున దీనిని ‘పచ్చై’ యనియు, ఈ పనిని ‘పచ్చైకుత్తుట’ యనియు వ్యవహరింతురు. కుత్తుట యనఁగాఁ బొడుచుటయే. కన్నడమున ‘హచ్చె’ యందురు. ప్రాచీనమైన పకారము హకారముగా మాఱుట కన్నడమునకు సహజము గనుక నదియు మన పచ్చయే. ఉత్తరదేశపు ‘గోద్నా’ శబ్దమునకుఁ గూడ గుచ్చుట యనియే యర్థము. ఇంగ్లీషువారి ‘టాటూ’ శబ్దము వారి సొంతము కాదు. 1769వ సంవత్సరమున నావికుఁడైన కుక్కు యోడ తాహితీ ద్వీపమున దిగినపుడు అచ్చటివారి ‘తతౌ’ శబ్దమును విని వారు తెచ్చుకొన్నది. మన యువకులు నేఁడు ఇంగ్లీషుమాట యనుకొని వాడుచున్నది నిజమునకు దక్షిణసముద్ర ద్వీపవాసుల పలుకు.

క్రియాపదమును గూడ గమనింపవలెను. కుంకుమబొట్టు పెట్టుదురు, పచ్చబొట్టు పొడుతురు. ఈ భేదము స్త్రీల జీవితమున సామాన్యమైనది కాదు. పెట్టిన బొట్టును వైధవ్యము తుడిచివేసెడిది. పొడిచిన బొట్టును తుడుచుటకు ఆచారమునకును శక్తి లేకపోయినది. భర్తపేరును నోటఁ బలుకరాదను నియమమునకు లోఁబడిన యిల్లాలి ముంజేతిపై నా పేరే పచ్చగా నిలిచియుండుట మన పల్లెలలో నరుదు కాదు. అక్షరమెఱుఁగని చేతిపై నక్షరములు పొడిచినవారెవ్వరు? వారికా యక్షరము లెట్లబ్బెను? ఈ ప్రశ్నలు మనలను వృత్తికారిణుల కడకుఁ గొనిపోవును.

పొడుచువారు

తెలుఁగునాఁట నీ పని ప్రధానముగా ఎఱుకలస్త్రీలది. ఎఱుక చెప్పుటచే వీరికీ పేరు కలిగెనని ప్రసిద్ధి. వీరు తమలోఁ దాము మాటలాడుకొను భాషకు కుర్రు అని పేరు. అది ద్రావిడభాషలలోఁ దమిళమునకు మిక్కిలి సన్నిహితము. తమిళదేశపు కొఱవలును తెలుఁగుదేశపు ఎఱుకలవారును ఒక్క కుదురువారే యని 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టన్ దొరగారి కులవర్ణనగ్రంథమునఁ జెప్పఁబడినది. తమిళదేశపు కొఱవలలోఁ ‘బచ్చైకుత్తి’ యను పేరుగల శాఖయే కలదు.

తెలుఁగుదేశమున వీరి శాఖాభేదములు వృత్తులను బట్టి యేర్పడినవి. వెదురుదబ్బలతో బుట్టలల్లువారు దబ్బ ఎఱుకలు. ఈఁతపుల్లలతో నల్లువారు ఈఁతపుల్లల ఎఱుకలు. నేఁతగాండ్రకుఁ గుంచెలు కట్టువారు కుంచె ఎఱుకలు. ఉప్పుబేరము చేయువారు ఉప్పు ఎఱుకలు. కరివేపాకు అమ్మువారు కరివేపాకు ఎఱుకలు. సోదె చెప్పువారు పరికముగ్గుల ఎఱుకలు. ఈ పేళ్లను వరుసగాఁ జదివినచో నొకసంగతి స్పష్టమగును. వీరందఱు గ్రామమునకుఁ గావలసినదానిని గ్రామమునకుఁ దెచ్చి యిచ్చువారు. నిలిచియుండుట కంటె నడచుటయే వీరి మూలధనము.

కవులు ఎఱుకలసానిని బాగుగా నెఱుఁగుదురు. శ్రీనివాసుఁడు ఎఱుకలసాని వేషమున నారాయణపురమునకు వచ్చి, ఆకాశరాజు పట్టమహిషికి ఎఱుకచెప్పి, పద్మావతీపరిణయమునకుఁ ద్రోవ యేర్పఱచిన కథ తెలుఁగువారందఱికిని తెలిసినదే. కురవంజి యను ప్రబంధజాతియే యీ పాత్రను బట్టి పుట్టినది. తమిళమున తిరికూటరాసప్ప కవిరాయరు 18వ శతాబ్దిలో రచించిన కుత్తాలక్కుఱవంజి దానికిఁ బ్రసిద్ధోదాహరణము. ఈ రచనలలో నామె సోదె చెప్పును, చేయి చూచును, తాను తిరిగిన కొండలను వర్ణించును. రాణివాసముతలుపు లామెకుఁ దెఱవఁబడును. చేయి చూచుటకును, చేతిపైఁ బొడుచుటకును ముందుగాఁ జేయి పట్టుకొనవలెను గదా! అంటుముట్టు పాటించు నిండ్లలో సయితము ఎఱుకలసాని యొడిలోఁ దమ యాఁడుబిడ్డల చేతులుంచుట కాచార మడ్డురాలేదు. పచ్చబొట్టు ప్రతియొకటియు నట్టి యొక స్పర్శకు సాక్ష్యము.

ఇతరప్రాంతములలోను స్థితి యిట్టిదే. కన్నడదేశమునఁ దోలుబొమ్మలాడించు కిళ్లెక్యాతుల స్త్రీలు పచ్చబొట్లు పొడుతురు. మధ్యహిందూదేశమున గోండులకుఁ బొడుచువారు బాదీ స్త్రీలు. మూఁడుచోట్లను పొడుచునది స్త్రీయే, ఆమె ధరించువారి కులమునకు వెలుపలిది, సంచరించునది. ఈ మూఁడు లక్షణములును కలిసియే యీ వృత్తికి రూపమిచ్చినవి.

పనితనము

థర్‌స్టన్ 1906లోఁ బ్రకటించిన దక్షిణదేశ జాతివిషయకగ్రంథమున కొఱవస్త్రీల పనివిధానము వర్ణింపఁబడినది. పసుపుపొడిని అవిసె యాకులతోఁ గూర్చి నూఱి, పలుచని గుడ్డపైఁ బఱచి, వత్తిగాఁ జుట్టి, నూనెప్రమిదలో వెలిగింతురు. దానిపై మట్టికుండను బోరగిలఁ బెట్టఁగా లోపల మసి పట్టును. ఆ మసిని గీఁకి నీటితోఁ గాని తల్లిపాలతోఁ గాని కలుపుదురు. కుట్టుసూదులను గొన్నిటినొక్కటిగాఁ గట్టిన కట్టయే పనిముట్టు. మసితో బొమ్మ వ్రాసి, దానివెంట సూదులతోఁ బొడిచి, చల్లనినీటఁ గడిగి, నొప్పియు వాపును తగ్గుటకుఁ బసుపు రాయుదురు. పసిపిల్లలు బెదరి యేడ్చినపుడు పాటపాడి మరపింతురు. కూలి చుక్కకు పావు అణా మొదలు పెద్దబొమ్మకుఁ బండ్రెండణాల వఱకును, పల్లెలలో ధాన్యరూపముగను ముట్టెడిది.

ఈ వర్ణనలో సులభముగాఁ గనఁబడునది పని యందలి కష్టమంతయుఁ గాదు. చర్మపు పైపొర నెల దినములలోఁ గొంచె మెచ్చుతగ్గుగా రాలిపోయి క్రొత్తది వచ్చుచుండును. మసి యా పొరలోనే నిలిచినచో రంగు మాసిపోవును. మిక్కిలి లోఁతునకుఁ బోయినచోఁ జెదరి గీఁత చెడును. రెంటికిని నడిమి పొరలోనే యది చేరవలెను. అచ్చటి జీవకణములు మసినలుసులను మ్రింగి పట్టుకొనును. ఆ కణములు చచ్చినపుడు వెలువడిన నలుసులను వాని స్థానమునకు వచ్చిన క్రొత్తకణములు మరల మ్రింగునని 2018లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి తెలిపిరి. పచ్చబొట్టు మాయకుండుటలోని రహస్య మిది.

ఎఱుకలసానికిఁ గణముల మాట తెలియదు, లోఁతు తెలియును. చంటిబిడ్డ చెక్కిలికి నొకలోఁతు, నాట్లు వేసి కరుడుగట్టిన చేతికి నొకలోఁతు, ముదిసి సడలిన చర్మమునకు నొకలోఁతు. సూదికట్టకుఁ గొలతగీఁత లేదు, వ్రేలే కొలత. గడ్డముపైఁ జుక్క, కణతపైఁ జుక్క, ముంజేతిపైఁ దులసికోట, తేలు, ముగ్గు, పేరు: వీనిలోఁ జుక్క తేలికపని, గీఁత కష్టము, అక్షరము మఱియుఁ గష్టము. చదువు లేనివారు సయితము అక్షరమును బొమ్మగా నేర్చుకొని పొడువవచ్చును. గుణింతము తప్పినను ఆ తప్పు జన్మాంతమువఱకు నిలుచును గనుక, మన పాఠశాలలలో వ్రాఁత నేర్చు బాలునికంటె నామెకే జాగ్రత్త యెక్కువగాఁ గావలసియుండెను.

ఇట్టి పనితనము ఒకనాఁట రాదు. తల్లి ప్రక్కనో, అత్త ప్రక్కనో కూర్చుండి, మసి పట్టుట, సూదులు కట్టుట, పిల్ల చేయి కదలకుండఁ బట్టుట మొదలు పెట్టి, చుక్కలు పొడిచి, పిమ్మట గీఁతలకు రావలెను. గ్రంథము లేని విద్య యిది. చూచి నేర్చుకొనవలసినదే కాని విని నేర్చుకొనునది కాదు. కావునఁ దల్లికిని బిడ్డకును ఎడము కలిగినచో విద్య యక్కడనే తెగిపోవును. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనఁ బ్రార్థన; ముందు దీనితోఁ బని యున్నది.

త్రోవయు ఋతువును

నువ్వుచేనివీడే నూజివీడైనదని స్థలకథ. మేకావంశీయులైన యప్పారాయల సంస్థానమునకు రాజధానియైన యీ యూరు, 1948నాఁటి చట్టముచే జమీందారీలు రద్దగువఱకు నా ఠీవిననుభవించి, చిరకాలము కృష్ణామండలమున నుండి, 2022లో నేలూరు జిల్లాలోఁ జేరినది. దీని యునికి విశేషమైనది. దక్షిణమునకు బాపులపాడు, గన్నవరము మీఁదుగా దిగినచో కృష్ణకాలువల వరిపొలములు. 1855లో బెజవాడయానకట్ట పూర్తియైనది మొద లా నేల ధాన్యలక్ష్మికి నిలయము. ఉత్తరమునకును పడమటికిని ఆగిరిపల్లి, మైలవరము, విస్సన్నపేట, తిరువూరు దెసలఁ బోయినచో ఎఱ్ఱనేలలు, గుట్టలు, మామిడితోఁటలు. వానికావల నొకప్పటి నైజామురాష్ట్రము. పల్లమునకును మెట్టకును నడుమ గడపవంటి దీ సీమ.

నడచి బ్రతుకువారికి రెండు నేలల నడిమిచోటు లాభకరము. పల్లమున వరి కోసి, నూర్చి, గాదెలు నింపునది పుష్యమాఘములలో. అప్పుడు ధాన్యము చేతఁ గలదు. కూలి కొలుచుటకు నిల్లాలు వెనుదీయదు. ఆ ధాన్యము సన్నగిల్లు వేళకు మెట్టన మామిడి పక్వమునకు వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, జనులు కలెక్టరనుచున్న తోతాపురి: ఇవి చైత్రవైశాఖజ్యేష్ఠములలో దిగును. తోఁటలఁ గాపువాండ్రు, కోఁతగాండ్రు, ఏఱి గంపల కెత్తు స్త్రీలు, బండ్లవాండ్రు మూఁగుదురు. ప్లాస్టిక్కుపెట్టెలు రాకముందు పండ్లను గడ్డి పఱచిన వెదురుగంపలలోనే యెగుమతి చేసెడివారు. గంపలల్లువారు మేదరులును ఎఱుకలును. ఇంటి మగవాఁడు గంపలు తెచ్చిన తోఁటలోనే, ఆ యింటి యాఁడుది కాయ లేఱు కూలిస్త్రీల చేతులపైఁ బచ్చబొట్లు పొడుచుటకు వీలు కలుగును. తీర్థములును తిరునాళ్లును దీనికిఁ దోడు. ఆగిరిపల్లి శోభనాచలస్వామి తిరునాళ్లకు వచ్చు జనసమ్మర్దము వృత్తికారిణి కొక యంగడి వంటిది.

ఇట్టి వృత్తిలోఁ బేరు గడించుట యెట్లు? వస్తువు నమ్మువాఁడు ముందుగా వస్తువును జూపును. పచ్చబొట్టు పొడుచునది చూపఁగలది తనచేతిపైనున్న బొమ్మలును, నిరుడు పొడిపించుకొన్నవారి చేతులును మాత్రమే. చీము పట్టిన చెక్కిలి, వంకరపోయిన పేరు ఆ యూర నామెకుఁ బ్రతికూలసాక్ష్యము లగును. కావున మరల రానిచోట మోసము చేయవచ్చును గాని, ఏటేట వచ్చుచోటఁ జేయుటకు వీలులేదు. తిరుగు త్రోవయే యీ వృత్తికి జామీను. తల్లికిఁ బొడిచినయామె బిడ్డకుఁ బొడుచును. ఆమె కోడలు మనుమరాలికిఁ బొడుచును. ఊరిపేళ్లు, యింటిపేళ్లు, ఎవరి కాన్పులు, ఎవరి పెండ్లిండ్లు, అన్నియు నామెకుఁ దెలియును. సోదె చెప్పుటకుఁ బనికివచ్చిన జ్ఞానమే పచ్చబొట్టు వృత్తికిఁ గావలసిన నమ్మకము. స్థిరమైన యంగడి లేనివారికి ఇట్టి త్రోవ పోయినచో నిల్లు పోవుటకంటె నెక్కువ నష్టము.

శాసనపు గుర్తు

ఆ త్రోవ యెట్లు పోయినదో యిఁక విచారింతము. ముందుగా నొక పూర్వకథ. ఆంగ్లప్రభుత్వమువారు పచ్చబొట్టును తామును వాడిరి. బంగాళమున 1797నాఁటి నిబంధనచే యావజ్జీవశిక్ష పొందిన నేరస్థుల నొసట నేరమును, తీర్పు తేదిని గోద్నాగాఁ బొడిపించుట యారంభమాయెను. మదరాసు రాజధానిలోను నీ యాచారము ప్రవేశించెను. 1849నాఁటి చట్టముతో నది రద్దయినది. మనయాఁడువారు మంగళమని ధరించిన గుర్తును ప్రభుత్వమువారు కళంకముగా వినియోగించిన కాల మది.

పిమ్మట దెబ్బ తగిలినది ఉప్పుబేరమునకు. 1805లో మదరాసు రాజధానియందు ఉప్పు ప్రభుత్వపు గుత్తసొత్తయ్యెను. తీరమున నుప్పు కొని, గాడిదలపైని ఎద్దులపైని వేసికొని, మెట్టసీమలకుఁ జేర్చి, మరలునపుడు ధాన్యము తెచ్చుట ఉప్పు ఎఱుకల జీవనము. 1889లో నైజామురైలు బెజవాడకుఁ జేరెను. తీరమునకును నైజామురాష్ట్రమునకును నడుమ బండిత్రోవలఁ బోయిన సరకు రైలెక్కెను. నూజివీటి పేరు గల రైలుస్టేషను సయిత మూరికి దూరమున హనుమాన్ జంక్షన్ కడ వెలసినది. మగవారి బేర మడుగంటఁగా వారి సంచారమునకుఁ గారణము లోకుల కంటికిఁ గనఁబడకుండెను. పనిలేక తిరుగుచున్నవారని యనుమానము పుట్టుట కిట్టి స్థితి చాలును.

1871లో నుత్తరదేశమునఁ బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపఁబడి మదరాసు రాజధానికిని వర్తించెను. ఎఱుకలవారును దాని పాలఁబడిరి. ఆ చట్టముప్రకార మొకతెగ నంతను నేరస్థజాతిగాఁ బ్రకటింపవచ్చును. ఆ ప్రకటన చెల్లదని న్యాయస్థానమునఁ బ్రశ్నింపరాదు. పట్టికకెక్కినవారి వ్రేలిముద్రలు తీసికొనవచ్చును. వారు నియమితవేళలలో హాజరు చెప్పుకొనవలెను. ఊరు మాఱినచోఁ దెలుపవలెను. ఆజ్ఞాపించినచో హద్దు దాఁటరాదు. వారిని సెటిల్‌మెంటులలో నిలుపవచ్చును. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలలో నుంచుటకును అందవకాశము కలదు. 1924లో నీ నిబంధనలన్నియు మరల నొక్కచట్టముగాఁ గూర్పఁబడెను. 1913-14 ప్రాంతమున బాపట్లకడ రక్షణసైన్యమువారి నిర్వహణమున స్టూవర్టుపురము వెలసెను. అది మదరాసు ప్రభుత్వపు కార్యనిర్వాహకసభ్యుఁడైన హెరాల్డు స్టూవర్టు పేరు. బెజవాడకెదుట కృష్ణ కావలియొడ్డున సీతానగరమునను నిట్టి సెటిల్‌మెంటే యుండెను. స్టూవర్టుపురపువారికిఁ జీరాల పొగాకుఫ్యాక్టరీలోఁ గూలిపని చూపఁబడెను.

ఈ నిబంధనలను పచ్చబొట్టు వృత్తితో నొక్కొక్కటిగాఁ బోల్చిచూడుఁడు. వృత్తికిఁ గావలసినది త్రోవ. చట్టము హద్దు గీఁచినది. వృత్తికిఁ గావలసినది ఋతువు. చట్టము హాజరువేళను నియమించినది. వృత్తికిఁ గావలసినది ఊరివారి నమ్మకము. చట్టము జాతికంతకును దొంగపేరు పెట్టినది. వృత్తి తల్లినుండి బిడ్డకు వచ్చునది; చట్టము తల్లిని బిడ్డనుండి వేఱుచేయుట కధికార మిచ్చినది. మసితో నితరుల చేతులకు గుర్తులు పెట్టినవారి వ్రేళ్లకు ఠాణాలలో మసి పూసి ముద్రలు తీసిరి. పచ్చబొట్టును జంపవలెనని యా చట్టమున నొక యక్షరమును లేదు. అయినను పచ్చబొట్టు బ్రతుకుట కేవేవి కావలెనో వానినన్నిటి నది తాఁకినది.

ఇచటఁ బ్రతిపక్షవాదమును జెప్పవలెను. పట్టిక కెక్కని ఎఱుకకుటుంబములు పెక్కులు. వారు తిరుగుచునే యుండిరి. కాంతలు చదువు నేర్చి, పట్టణములకుఁ బోయి, పచ్చబొట్టును మోటుదనపు గుర్తుగాఁ జూచుట మొదలుపెట్టిరి. సూదివలన రోగములు వ్యాపించునను భయమును న్యాయమైనదే. ఒక్కకట్టతోఁ బలువురకుఁ బొడుచుట ప్రమాదకరము. ఇవన్నియు నిజములే. కాని యభిరుచి మాఱినను వృత్తికారులు దానివెంట మాఱుట లోకమునఁ జూచుచున్నాము. కంసాలి పాతనగలు పోఁగాఁ గ్రొత్తనగలు చేసినాఁడు; మంగలి పట్టణమున నంగడి తెఱచినాఁడు. మాఱుటకు మొదట నిలువ నొకచోటు కావలెను, జనులు తలుపు తీయవలెను. దొంగజాతి యని పేరుపడిన స్త్రీ మాఱిన యభిరుచిని దెలిసికొనుట కే యింట నడుగుపెట్టును? అభిరుచి మాఱుటచే నితరవృత్తులు వేషము మార్చుకొన్నవి. శాసనముచే నీ వృత్తికి వేషము మార్చుకొను నవకాశమే లేకపోయినది. నేను రెండవ కారణమును బలవత్తర మనుట కిదియే హేతువు.

మదరాసు రాజధానిలో నీ చట్టము 1947లో రద్దయ్యెను. 1949లో భారతప్రభుత్వమువారు నియమించిన విచారణసంఘమునకుఁ దెలుఁగుదేశపుఁ దిరుపతి ప్రాంతమువారును, తరువాత లోకసభాధ్యక్షులును నగు మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులు. 1952 ఆగస్టు 31వ తేదిని దేశమంతట నా చట్టము రద్దయినది. నేఁడు ఎఱుకలవారు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను షెడ్యూల్డు తెగలలో నున్నారు. వారిలోఁ జదివి యుద్యోగములు చేయువారును గలరు. కాని చట్టము పోయినంత వేగముగా అపవాదు పోలేదు. పుస్తకములోని యక్షరమును గొట్టివేయవచ్చును. జనుల మనస్సులోఁ బొడిచిన గుర్తు మాయుటకుఁ దరములు పట్టును.

నేఁటి స్థితి

ఇంతలో పచ్చబొట్టు వేఱొకత్రోవను మరలి వచ్చినది. 1876లో ఎడిసను ప్రతులు తీయుటకైన విద్యుల్లేఖినికి హక్కుపత్రము పొందెను. దాని పద్ధతినే యనుసరించి న్యూయార్కునగరమున సామ్యుయెల్ ఓరైలీ యనువాఁడు 1891లో పచ్చబొట్టు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఆ యంత్రపు సంతతియే నేఁడు విజయవాడ, హైదరాబాదు వీథులలో నద్దాలయంగళ్లయందు మ్రోయుచున్నది. నూజివీటిలోఁ గళాశాలలకు వచ్చు పిల్లలకును అది వింత కాదు. ఈ యంగళ్లలోఁ బని నేర్చి జీవనము చేయువాఁడు తన్ను కళాకారుఁడని చెప్పుకొనును. లోకమును నట్లే యొప్పుకొనును. అది సంతోషమే.

ఇతఁడు నేర్చుకొనునది కొంత క్రొత్తది. ఒక్కరికి వాడిన సూదిని పాఱవేయుట, పనిముట్లను ఆవిరిలోఁ గాఁచుట, చేదొడుగులు వేసికొనుట: ఇవి వెనుకటివారికి లేని మేలులు. పచ్చబొట్టు పొడిపించుకొన్నవారినుండి పండ్రెండు నెలల వఱకు రక్తము తీసికొనరాదని 2017నాఁటి రక్తదాతల నియమములలోఁ గలదు; ఇట్టి భయము నిరాధారము కాదు. కాని తక్కినదంతయుఁ బ్రాఁతదే. లోఁతు తెలియుట, చర్మభేదము తెలియుట, బెదరినవానిని మాటలఁ బెట్టుట, చేసినపనిని జూపి మఱియొకపని సంపాదించుట, తప్పు చేసినచో నది నడచిపోవుచుఁ దన్ను నిందించుచుండునని యెఱిఁగి చేయుట. నూజివీటి తోఁటలలో సూదికట్ట పట్టిన స్త్రీ కీ వృత్తిధర్మము లన్నియుఁ దెలియును. ఆమెను తిరిపెగత్తె యనియు, ఇతనిని కళాకారుఁడనియుఁ బిలుచుటలో పనియందలి భేదము కంటె, నిలుచుటకుఁ జోటు దొరకినవారికిని దొరకనివారికిని గల భేదమే యెక్కువ.

చరిత్రకారున కిందొక కర్తవ్యము కలదు. తక్కిన కళలకు శాసనములు, తాళపత్రములు, శిల్పములు సాక్ష్యములు. ఈ కళకుఁ దాళపత్రము మనుష్యచర్మము. అది మనుష్యునితోఁ బోవును. నూజివీటిసీమలో ముదుసళ్ల ముంజేతులపై నిలిచియున్న తులసికోటలును దేళ్లును పేళ్లును కొంతకాలములోఁ గానరావు. వానికి నకలు లేదు.

కావున పల్లెపాఠశాలల పండితులకు నా విన్నపము. వేసవిసెలవులలో మామిడికోఁతకుఁ దాతగారిండ్లకుఁ బోవు పిల్లలకు నొకపని చెప్పుఁడు. అవ్వచేతిపైనున్న బొమ్మను ఆమె యనుమతితోఁ గాగితముపై వ్రాసి తెమ్మనుఁడు. ఆ బొమ్మ నామె యేమని పిలుచునో, ఎన్నవయేటఁ బొడిపించుకొన్నదో, కూలిగా నేమి యిచ్చినదో, పొడిచినయామె యేయూరినుండి వచ్చెడిదో, ఎన్నేండ్లు వచ్చి యెప్పుడు మానినదో యడిగి వ్రాయుమనుఁడు. ఎఱుకలయిండ్ల పిల్లలు తరగతిలో నున్నచో, వారి యవ్వలను పనితనము తెలిసిన పెద్దలుగా గౌరవించి, మసియు సూదియుఁ గూర్చిన మాటలు వారి కుర్రుభాషలోనే యడిగి తెలిసికొనుఁడు. ‘ఎప్పుడు మానినది’ యను ప్రశ్నకు నూఱుచోట్ల నూఱు జవాబులు సమకూడిననాఁడు, అభిరుచి యెంత, శాసనమెంత యని నేనిచ్చట వాదించినదానిని బలపఱచుటకైనను ఖండించుటకైనను మనకు సరియైన యాధార మేర్పడును.